మా బ్యాండులో గాలి అందుకోవడం

నిన్న మధ్యాహ్నం దువ్వాడలో మా వీధిలోంచి పెళ్ళివారి ఊరేగింపు ఒకటి వెళ్ళింది. ముందు ఒక వ్యాను, దాని మీద మనిషి ఎత్తు స్పీకర్లు, వెనక ఎర్ర కోట్లు తొడుక్కున్న ఎనిమిదిమంది బ్యాండువాళ్ళు. పాట వ్యానులోంచి వస్తోంది. కోట్లవాళ్ళు ట్రంపెట్లు పెదాల దగ్గర పెట్టుకుని బుగ్గలు పూరిస్తున్నారు. వీడియో తీసే కుర్రాడు "బుగ్గలు, బుగ్గలు!" అని అరుస్తున్నాడు. గేటు పట్టుకుని చూస్తున్న నాకు ఒక ట్రంపెట్ చేతికందేంత దగ్గరగా వచ్చింది. దానికి మౌత్‌పీసు లేదు. పెదాలకు ఆనించి ఊదే చిన్న ఇత్తడి గిన్నె ఉండవలసిన చోట ఉత్త బెజ్జం ఉంది. పక్కవాడిది చూశాను. దానికీ లేదు. ఎనిమిదింటిలో ఒక్కదానికీ లేదు.

"మౌత్‌పీసులేవి బాబూ?" అని అడిగాను.

"ఎందుకమ్మా? ఊదీవోడెవడు?" అని నవ్వి, అతను మళ్ళీ బుగ్గలు పూరించాడు.

లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాను. ఊదడం లేని బ్యాండును చూసి ఇంత వయసొచ్చిన మనిషి అదిరిపోవడమేమిటని ఎవరైనా అడగవచ్చు. చెప్తాను. నేను పెరిగిన బ్యాండులో మౌత్‌పీసులు ఉండవలసినదానికంటే రెట్టింపు ఉండేవి.

మల్కాపురంలో మా ఇల్లు రిఫైనరీ గోడకు నాలుగు వీధుల అవతల. పొద్దున్న తలుపు తీస్తే ముందు గ్యాసు వాసన, దాని వెనక ఎండు చేపల వాసన, ఆ రెండూ ముక్కుకు అలవాటు పడ్డాక అమ్మ కాచే అల్లం టీ వాసన. మాకు గడియారంతో పని తక్కువ. ఒక సైరను మోగితే బడికి, ఇంకోటి మోగితే అన్నానికి. మధ్యలో హార్బరులోంచి ఓడ కూస్తే మా వీధి కుక్కలన్నీ దానికి బదులు చెప్పేవి.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేను నడిపేవాడు. క్రేను మీద ఉన్నంతసేపూ మాట్లాడటానికి ఎవరూ దొరకరు కాబట్టి దిగాక ఆ బాకీ అంతా తీర్చుకునేవాడు. ఆయన హేతువాద సంఘంలో పెద్ద వక్త. మా ఇంట్లో అన్నాల దగ్గర వాదోపవాదాలు నడిచేవి. "దయ్యాలు ఉన్నాయి, లేవు. ఏ పక్షం తీసుకుంటావమ్మా?" అని నాన్న అడిగేవాడు. ఓడినవాళ్ళు కంచాలు కడగాలి. పదేళ్ళు వచ్చేసరికి నేను ఏ పక్షానైనా నిలబడి గెలవగలిగేదాన్ని. అమ్మ ఏ పక్షమూ తీసుకునేది కాదు. అయినా కంచాలు చాలాసార్లు అమ్మే కడిగేది.

పురోహితుడు, ముహూర్తం లేని పెళ్ళిళ్ళు మా సంఘం చేయించేది. అలాంటి పెళ్ళికి మేళంవాళ్ళు రామనేవారు. అపశకునమట. దాంతో నాన్నకు పట్టుదల పెరిగి సొంతంగా బ్యాండు పెట్టాడు. పోర్టులో, రిఫైనరీలో పనిచేసే ఆరుగురు కలిశారు. రెండు ట్రంపెట్లు, ఒక పెద్ద బాకా, ఒక చిన్న డ్రమ్ము. పెద్ద డ్రమ్ము నాన్నది. అందరికీ గురువు క్లారినెట్ మాస్టారు.

మాస్టారు మాలవారు, క్రైస్తవులు. చిన్నప్పుడు చర్చి బ్యాండులో నేర్చుకున్నారు. ఆయన కులం ఏమిటన్న మాట ఇక్కడ రాయవలసి వస్తోంది గాని, మా ఇంట్లో ఏనాడూ ఎవరి నోటా వినలేదు. ఆ మాట అనకపోవడమే మా ఇంటి గొప్ప అనుకునేదాన్ని.

ఆదివారం ఆయన చర్చి నుంచి అటే మా పెరట్లోని రేకుల షెడ్డుకు వచ్చేవారు. తెల్ల చొక్కా, నూనె రాసి అణిచిన జుట్టు. వస్తూనే ఒక్కొక్క వాయిద్యం తీసుకుని తాను ఊది చూసేవారు. శ్రుతి సరిపోతే దాని మనిషికి ఇచ్చేవారు. బ్యాండులోకి కొత్తవాడు వస్తే అదే పనిని పండుగలా చేసేవాళ్ళం. అందరూ చుట్టూ నిలబడేవారు. మాస్టారు ఒక స్వరం ఊది, వాయిద్యాన్ని రెండు చేతులా అందించేవారు. కొత్తవాడు తుడవకుండా అదే తడి మీద ఊదాలి. దీనికి మా బ్యాండులో 'గాలి అందుకోవడం' అని పేరు. పద్ధతి మాస్టారి గురువుగారిది. దానిమీద ఉపన్యాసం మాత్రం నాన్నది. "మంచినీళ్ళ గ్లాసు ఎత్తిపోసుకునే ఈ దేశంలో ఒకరి ఎంగిలి ఒకరు పెదాల మీద పెట్టుకునే చోటు ఇదొక్కటే! ఎంగిలికి కులం లేదు!" అని ప్రతి సభలోనూ చెప్పేవాడు. చప్పట్లు మోగేవి. అందరికంటే గట్టిగా నేనే కొట్టేదాన్ని. బడిలో ఏ పిల్లయినా తన నీళ్ళసీసా దాచుకుంటే వెంటనే మా బ్యాండు కథ ఎత్తుకునేదాన్ని.

మా అల్లరి కూడా ఆ షెడ్డు చుట్టూనే తిరిగేది. సాధన మొదలయ్యాక పిల్లలం వరసగా ఎదురుగా కూర్చుని పచ్చి మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని చప్పరించేవాళ్ళం. ఊదేవాళ్ళ నోళ్ళలో నీళ్ళూరి ట్రంపెట్లు బుడబుడమనేవి.

"ఓలె, లెగండే అక్కడ్నించి! నోరు ఆగట్లేదే!" అని ట్రంపెట్ మావయ్య చెప్పు తీసేవాడు. అతను రిఫైనరీలో ఫిట్టరు. నాన్నను బావా అని పిలిచేవాడు కాబట్టి మాకు మావయ్య. మామిడికాయ చూస్తే అతని నోరూ ఊరేది, మాస్టారి నోరూ ఊరేది, ఒక్కలాగే.

సాధన లేనప్పుడు మేం బ్యాండాట ఆడేవాళ్ళం. కిరసనాయిలు పోసే గరాటులే మా ట్రంపెట్లు. పెద్దవాళ్ళు ఏం చేస్తే అదే చేసేవాళ్ళం. ఒకరు మాస్టారు. ఆ మాస్టారు గరాటు ఊది రెండోవాడికి ఇస్తే, వాడు ఒకసారి ఊది, అటు తిరిగి, గరాటు మూతి దగ్గర ఏదో లాగినట్టు లాగి, చొక్కా జేబులో వేసుకుని, ఇంకో జేబులోంచి ఇంకేదో తీసి బిగించినట్టు బిగించి, అప్పుడు వాయించాలి. అది సంగీతంలో భాగమనుకున్నాం. తంబురావాళ్ళు బిరడాలు తిప్పరూ? అలాంటిదే అనుకున్నాం.

ఒకసారి మా ఆట చూస్తూ మాస్టారు గుమ్మంలో నిలబడ్డారు. నేనే బాగా చేసి చూపించాను. లాగడం, జేబులో వేయడం, బిగించడం. మాస్టారు పగలబడి నవ్వారు. కళ్ళు తుడుచుకుని, "అచ్చు ఆల్లలాగే సేత్తన్నావు పాపా," అన్నారు. ట్రంపెట్ మావయ్య మాత్రం నా చేతిలో గరాటు లాక్కుని, "ఆడపిల్లకి కిరసనాయిలు ఆటలేటి?" అని కసిరాడు. ఎందుకు కసిరాడో నాకు అర్థం కాలేదు.

తరువాత బ్యాండు మారింది. స్టీలు ప్లాంటులో ఉద్యోగాలు పడి, ట్రంపెట్ మావయ్యా పెద్ద బాకా ఆయనా ఉక్కునగరం క్వార్టర్లకు వెళ్ళిపోయారు. మావయ్య షిఫ్టు చూసుకుని బస్సెక్కి వచ్చేవాడు. ఏ పెళ్ళికి ఎవరు వస్తారో ఏ షిఫ్టు నడుస్తోందో చూస్తే తెలిసేది. ఒక పెళ్ళికి మావయ్య డ్యూటీ బట్టలతోనే దిగిపోతే, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కరెంటు పనికి వచ్చాడనుకుని ఫ్యూజు చూపించారు. పెద్ద బాకాకు కొత్త మనిషి వచ్చాడు, గాలి అందుకున్నాడు. చిన్న డ్రమ్ము చేతులు మారింది. రెండో ట్రంపెట్ గల్ఫుకు పోయింది. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా మాస్టారు ఊది అందించారు, నాన్న ఉపన్యాసం ఇచ్చాడు, నేను చప్పట్లు కొట్టాను.

నాకు పదమూడో ఏడు నడుస్తుండగా మాస్టారికి దమ్ము తగ్గింది. నడుస్తూ ఊదితే రెండు వీధులకే నిలబడిపోయేవారు. ఆ వేసవిలో ఒక ఆదివారం, అమ్మ మరమరాలతో కలిపి ఇచ్చిన మురీ మిక్చరు పొట్లం విప్పుకుంటూ నాన్నతో అన్నారు: "ఈ ఏడుతో సాలిత్తాను బాబూ. ఒక్క కోరిక ఉంది. ముప్పై ఏళ్ళబట్టి నడుత్తానే వాయించినాను. నా ముందు గుర్రం, నా యెనక పెళ్ళోరు. ఎవులూ నిలబడి విన్నోలు లేరు. కుర్సీల్లో కూసున్న మనుసుల ముందు, నాను కూడా కుర్సీలో కూసోని, ఒక్క పది నిమిసాలు వాయించాలి. బాణీ ఒకటి కట్టుకున్నాను."

"ఏ బాణీ మాస్టారూ?" అని నేను అడిగాను.

"ఇప్పుడు కాదు పాపా. ఆ రోజే."

నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వచ్చే నెల సంఘం వార్షిక సభ. మూడొందల కుర్చీలున్న హాలు. చివరి అంశం మాస్టారిదే అని అక్కడికక్కడే మాటిచ్చాడు. ఇంకో మాట కూడా అన్నాడు. మాస్టారి తరువాత క్లారినెట్ నాకు. ఆడపిల్ల వాయించే బ్యాండు మనదే కావాలి. సభలో అందరి ముందూ నేను గాలి అందుకోవాలి. ఆ తరువాత మాస్టారి పది నిమిషాలు.

అప్పటి నుంచి మాస్టారు వేరే మనిషి. హాలుకు వెళ్ళి కుర్చీలు చూసి వచ్చారట. "సేతుల్లేని కుర్సీ కావాలి బాబూ. సేతులుంతే మోసెయ్యి తగుల్తాది," అని నాన్నకు రెండుసార్లు గుర్తు చేశారు. సభ రోజు ఊపిరి అందాలని నెల్లాళ్ళు బీడీ మానేశారు.

నా కోసం పాత క్లారినెట్ ఒకటి కొన్నారు. ఆదివారం మాస్టారు దాని రీడును, అంటే మౌత్‌పీసుకు బిగించే సన్నటి వెదురు పేడులాంటి దాన్ని, నోట్లో పెట్టుకుని తడిపి, బిగించి, ఒక స్వరం ఊది నాకిచ్చారు. నేను ఊదితే మేక అరిచినట్టు వచ్చింది. అందరూ నవ్వారు. వెదురూ లవంగమూ కలిసిన రుచి నాలుక మీద నిలిచింది. ఆ రాత్రంతా అది పోకుండా ఉండాలని నీళ్ళు కూడా తాగలేదు.

మర్నాడు నాన్న పని నుంచి వస్తూ కొత్త మౌత్‌పీసు తెచ్చాడు. "పాతదానికి పగులుందమ్మా. దీంతో సాధన చెయ్యి," అన్నాడు.

నాకు పాతదే కావాలి. పగులు చిన్నదైతే జిగురుతో అతికిద్దామని మర్నాడు నాన్న పనికి వెళ్ళగానే షెడ్డులోకి వెళ్ళి దాన్ని వెతికి తీసి, ఎండకేసి పట్టి చూశాను. ఎక్కడా పగులు లేదు. గోటితో గీకి చూశాను. నీళ్ళు పోసి చూశాను. చుక్క కారలేదు. దాన్ని తీసుకుని కుట్టు మిషను దగ్గరున్న అమ్మ దగ్గరకు పరిగెత్తాను.

"అమ్మా, దీనికి పగులెక్కడుంది?"

అమ్మ తల ఎత్తకుండానే, "పగులేటి? దానికి పగులెందుకుంతాది?" అంది. తరువాత మిషను ఆపి నా మొహంలోకి చూసింది. "నీకు తెలీదేటి?"

"ఏం తెలియదు?"

అమ్మ లేచి షెడ్డులోకి వచ్చింది. డ్రమ్ము వెనకాల ఒక బిస్కట్ల డబ్బా ఉండేది. అందులో రంగురంగుల చిన్న గుడ్డసంచులు ఉంటాయని నాకు తెలుసు. అవి అమ్మే కుట్టింది. వాయిద్యాల నూనె, పీచు పెట్టుకోవడానికి అనుకునేదాన్ని. అమ్మ ఒక్కొక్కటీ విప్పింది. ప్రతి సంచిలోనూ ఒక మౌత్‌పీసు ఉంది. ఎర్ర సంచి ట్రంపెట్ మావయ్యది. పచ్చది రెండో ట్రంపెట్‌ది. నీలంది పెద్ద బాకాది.

"ఎవుల్ది ఆలికి. మాస్టారు ఊదిన ముక్క పీకేసి ఇది బిగించుకుంతారు. మీ నాన్న కుట్టమన్నారు, నాను కుట్టీసినాను."

"ఎప్పటి నుంచి?"

"బ్యాండు పెట్టిన కాడ్నించీని."

లాగడం, జేబులో వేయడం, బిగించడం. నేను గరాటుతో ఎంత బాగా చేసి చూపించాను! అంటరానితనాన్ని ఆటగా నేర్చుకుని, ఆ మనిషి ముందే అభినయించి, శభాష్ అనిపించుకున్నాను. ఆ మరుక్షణం మరొకటి తోచింది. ఇదే బ్యాండులో మావయ్య కాల్చిన బీడీ పెద్ద బాకా ఆయన నోట్లోకి, అక్కణ్ణుంచి నాన్న నోట్లోకి వెళ్ళేది. మాస్టారు తన బీడీ తానే వెలిగించుకునేవారు. ప్రతి ఆదివారం చూశాను. చూసి కూడా చూడలేదు.

"నువ్వెందుకు చెప్పలేదు నాకు?" అని అమ్మ మీద అరిచాను.

"నువ్వెప్పుడు అడిగినావు? తండ్రీ కూతుల్లు మాటాడుకుంతుంతే మద్దెలో నానెప్పుడు దూరీనాను?"

సాయంత్రం నాన్న గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే పట్టుకున్నాను. ఆయన తడబడతాడనుకున్నాను. తడబడలేదు. అదే నన్ను ఎక్కువ నివ్వెరపరిచింది.

"ఇది కులం కాదమ్మా, శుభ్రత. ఎంగిల్లో సూక్ష్మక్రిములుంటాయి. క్షయ అంటుకుంటుంది. నువ్వు సైన్సు చదువుతున్నావు కదా?"

"బీడీకి సూక్ష్మక్రిములు ఉండవా నాన్నా?"

ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. "వాళ్ళు అలా అయితేనే చేరతామన్నారు. నేను వద్దంటే బ్యాండే లేదు. మాస్టారికీ తెలుసు. ఆయనకే లేని బాధ నీకెందుకు?"

"మీరు డ్రమ్ము ఎందుకు తీసుకున్నారు?"

ఈ ప్రశ్న నేను ఆలోచించి అడగలేదు. నోట్లోంచి అలా వచ్చేసింది. ఆరు వాయిద్యాల్లో నోటితో పనిలేనివి రెండే. ఎంగిలి గురించి ఊరంతా ఉపన్యాసాలిచ్చిన మా నాన్న తాను మాత్రం కర్రతో కొట్టేది ఎంచుకున్నాడు. ఆయన తువ్వాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. ఆ పూట మా ఇంట్లో కంచాలు ఎవరు కడిగారో నాకు గుర్తు లేదు.

సభకు ముందు రోజు మాస్టారు ఇస్త్రీ చేయించిన కోటు మా ఇంట్లో పెట్టడానికి వచ్చారు. నేనేమీ చెప్పలేదు. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేసి, "రేపు గాలి అందుకున్నాక నువ్వు పక్కకి తప్పుకో పాపా. హాలు ఒంటిగంట వరకేనంట. తరవాత ఎవులిదో రిసెప్సనంట. ఆ పది నిమిసాలు నాకొగ్గీ," అన్నారు.

"అలాగే మాస్టారూ," అన్నాను. నా సంచిలో అప్పటికే బిస్కట్ల డబ్బా ఉంది.

హాలు నిండింది. వేదిక మీద చేతుల్లేని కుర్చీ, దాని ముందు మైకు. నాన్న ఉపన్యాసం ముగించి నన్ను పిలిచాడు. పన్నెండుంబావు. మాస్టారు నా క్లారినెట్ ఊది రెండు చేతులా అందించారు. దానికి పాత మౌత్‌పీసు బిగించి తెచ్చింది నేనే. తుడవకుండా ఊదాను. ఈసారి మేకలా రాలేదు. చప్పట్లు. నేను పక్కకు తప్పుకోవాలి. తప్పుకోకుండా మైకు దగ్గరకు వెళ్ళి, క్లారినెట్ నాన్నకు చాచాను.

"ఇప్పుడు మీరు గాలి అందుకోండి నాన్నా."

నాన్న నవ్వాడు. "నేను డ్రమ్మువాణ్ణి తల్లీ! నేను ఊదానంటే ఈ హాలు మనం కట్టిన అద్దె గడువు కంటే ముందే ఖాళీ అవుద్ది!"

మూడొందలమందీ గొల్లుమన్నారు. మాస్టారు కూడా నవ్వారు. ఒక్క హాస్యంతో ఆయన తప్పుకున్నాడు. డబ్బా తీసి బల్ల మీద బోర్లించాను. సంచులు, మౌత్‌పీసులు గలగలమంటూ పడ్డాయి. ఏ రంగు ఎవరిదో, ఏ ముక్క ఎందుకు పీకుతారో, బీడీ ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి వెళ్తుందో, నాన్న నేర్పిన పద్ధతిలోనే, వరసగా, ఉదాహరణలతో చెప్పాను.

"ఏటే పిల్లా, ఇదేటే మీ నాన్న పెంపకం?" అని ట్రంపెట్ మావయ్య లేచాడు.

"అవును, ఇదే!" అన్నాను. దానికి చప్పట్లు.

ఇక ఆగలేదు. ఒకాయన సూక్ష్మక్రిముల సిద్ధాంతం తీశాడు. ఒకాయన దాన్ని ఖండించాడు. వెనక వరసలోంచి ఒకాయన "అధ్యక్షా, ఒక చిన్న సవరణ!" అంటూ పావుగంట మాట్లాడాడు. ప్రతివాడికీ నేను జవాబు చెప్పాను. చివరికి నాన్న లేచాడు. "ఈ రోజు నా కూతురు నన్ను ఓడించింది. ఇంతకంటే నాకు గెలుపేముంది?" అన్నాడు. నేను విన్న ఆయన ఉపన్యాసాల్లో అదే గొప్పది. కొందరు ఏడ్చారు. ఇక మీదట బ్యాండులో ఎవరూ మౌత్‌పీసు మార్చకూడదని ఆయనే తీర్మానం పెట్టాడు. ఏకగ్రీవం. ట్రంపెట్ మావయ్య కూడా చెయ్యెత్తాడు. అందరూ నిలబడి కొట్టిన చప్పట్ల మధ్య హాలు వాచ్‌మన్ వచ్చి ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపేశాడు.

"ఒంటిగంటయిపోయింది బాబూ. పూలోల్లు బయట నిలబడ్డారు. కాలీ సెయ్యండి."

మాస్టారు చేతుల్లేని కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎప్పుడు కూర్చున్నారో తెలియదు. ఒళ్ళో తన క్లారినెట్, దాని రీడు పెదాల మధ్య. ఆరిపోకుండా తడుపుతూ ఉన్నారు. వాచ్‌మన్ వచ్చి కుర్చీ కావాలన్నాడు. ఆయన లేచి, రీడు తుడిచి, క్లారినెట్ పెట్టెలో సర్దుకున్నారు. నా పక్కనుంచి వెళ్తూ, "బాగా మాటాడినావమ్మా," అన్నారు. అప్పటి దాకా నన్ను పాపా అనేవారు.

నేను ఇంటికి గాలిలో తేలుతూ వెళ్ళాను. రాసేవాళ్ళు సిగ్గుపడి ఇలాంటివి దాచుకుంటారు, నేను దాచను. పదమూడేళ్ళకు మూడొందలమందిని గెలిచాను. నాకు వేరే ఏమీ గుర్తు రాలేదు.

తరువాతి ఆదివారం మాస్టారు రాలేదు. ఆ తరువాతి వారమూ రాలేదు. నాన్న రెండుసార్లు కబురు పంపాడు. "దమ్ము లేదు బాబూ," అన్నారట. నేర్పేవాళ్ళు లేక నా క్లారినెట్ మూలపడింది. తీర్మానం అమలు చేయవలసిన అవసరమే ఎవరికీ రాలేదు. ఎందుకంటే ఏడాది తిరక్కముందే మా బ్యాండు మళ్ళీ మారింది. ట్రంపెట్లు అటకెక్కాయి. ఉక్కునగరం నుంచి ఒక కుర్రాడు కీబోర్డు తెచ్చాడు. ఇంకొకడు కరెంటు డ్రమ్ములు తెచ్చాడు. పేరు ఆర్కెస్ట్రా అయింది. వేళ్ళతో వాయించే వాటికి ఎవరి ఎంగిలీ అక్కర్లేదు. నూట యాభై ఏళ్ళ సంస్కరణోద్యమం తేల్చలేని సమస్యను ఒక ప్లాస్టిక్ పెట్టె తేల్చేసింది, తేల్చినట్టు ఎవరికీ తెలియకుండానే! కొన్నేళ్ళకు ఆర్కెస్ట్రా కూడా పోయింది.

నేను కూడా వక్తనయ్యాను. చేతిలోకి మొదటి సెల్‌ఫోన్ వచ్చిన రోజుల్లో అమ్మ ఫోను చేసింది. "మాస్టారికి బాగోలేదు. ఒకపాలి సూసిరా," అంది.

మల్కాపురంలో ఆయన ఇంటికి మొదటిసారి వెళ్ళాను. అన్నేళ్ళూ ఆయన మా షెడ్డుకు వచ్చారే గాని మాలో ఒక్కరమూ ఆ గుమ్మం ఎక్కలేదన్న సంగతి అక్కడ నిలబడ్డాకే తట్టింది. ఆయన మంచం మీద మూడు దిళ్ళకు ఆనుకుని ఉన్నారు. భార్య స్టూలు వేసింది. నేను మొదలుపెట్టాను. ఆ రోజు మీ సమయం తీసుకున్నాను మాస్టారూ. అయితే అప్పటి నా వయసు అలాంటిది. మా నాన్న కపటం అలాంటిది. మౌనంగా ఉంటే నేనూ అందులో భాగమయ్యేదాన్ని. కానీ మిమ్మల్ని అడగకుండా మీ తరఫున మాట్లాడటం కూడా ఒక పెత్తనమే. ఈ దేశంలో సంస్కర్తలందరూ చేసిన తప్పు అదే...

"అమ్మా," అంది ఆయన భార్య, టీ గ్లాసు నా చేతిలో పెడుతూ. "ఆయన ఇందాకట్నించీ ఏదో సెప్పాలని సూత్తన్నారు. నువ్వు ఆపితే కదా."

ఆపాను.

మాస్టారు ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఆ రోజు జనం బాగా కూసున్నారమ్మా," అన్నారు. "గంటసేపు ఒక్కలూ లెగలేదు. నాను సూత్తానే ఉన్నాను. ఆల్లు వినీసేవోలే."

"మరి మీరెందుకు అడగలేదు మాస్టారూ? నా వంతు అని ఒక్క మాట అంటే..."

"నా గురించే కదా మాటాడుకుంతన్నారు. మద్దెలో లేసి క్లారినెట్ ఊదితే బాగుంతాదేటి?" అని నవ్వబోయారు. నవ్వు దగ్గులోకి పోయింది. ఆమె వీపు రాసింది.

దగ్గు తగ్గాక అడిగాను. "ఆ బాణీ ఎక్కడైనా రాసి పెట్టారా?"

"బ్యాండోల్లకి రాతేటమ్మా. ఊపిరుంతే ఉన్నట్టు."

నేను టీ తాగాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదాలు రెండు మూడుసార్లు బిగిశాయి, వదులయ్యాయి. వేళ్ళు దుప్పటి మీద కదిలాయి. నేను ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఏ వేలు దించితే ఏ స్వరమో నాకు తెలియదు. అంతవరకు నేర్చుకోలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నాన్నా పోయాడు. ఆ హాల్లో నేను చెప్పింది నిజం. ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కాని అది చెప్పడానికి నాకు మర్నాడు ఉంది, వేరే సభలు ఉన్నాయి, ముందు జీవితమంతా ఉంది. ఆయనకు ఉన్నవి పది నిమిషాలు.